ఏడింటికి తెల్లారిన ఫోను

కంపెనీ క్వార్టర్లలో పుట్టిన పిల్లలకు ఒక చదువు మాటలు రాకముందే వస్తుంది. తండ్రి ఈ వారం ఏ షిఫ్టు, ఇంట్లో ఎంత గొంతుతో మాట్లాడాలి, స్టీలు గిన్నె ఎంత మెల్లగా దించాలి. గోదావరిఖనిలో లింగమూర్తి కూతురు యమునకు ఆ చదువు బాగా అబ్బింది. తర్వాత వచ్చిన ఇంజనీరింగు అంతగా అబ్బలేదు. ఆమె చదివిన కాలేజీలో కంప్యూటర్లకు గుడ్డలు కప్పి ఉంచేవారు. తనిఖీకి ఎవరైనా వస్తున్నారంటే గుడ్డలు తీసేవారు, వాళ్లు టీ తాగి వెళ్లగానే మళ్లీ కప్పేవారు. అలాంటి చోట పట్టా పుచ్చుకుని వచ్చి, ఇంట్లోనే ఒక పాత ల్యాప్‌టాప్ ముందు కూర్చుని, తనకు తానే ప్రోగ్రాములు రాయడం నేర్చుకుంటోంది. వాడలో ఆమెను చూసిన ప్రతివాళ్లూ ఒకే మాట అడిగేవారు: "ఏం బిడ్డా, ఇంకా నేర్చుడేనా? ఎప్పుడు గెలుస్తవే?"

ఆ వాడలో రెండేళ్లు నౌకరీ లేని ఆడపిల్లను జనం జ్వరం తగ్గని మనిషిని చూసినట్టు చూస్తారు. పలకరింపులో జాలి ఉంటుంది, కాస్త సంతోషమూ ఉంటుంది.

ఆమెకు దారి చూపినవాడు జగదీశ్వర్. చౌరస్తా దగ్గర బట్టల దుకాణం పైన కోచింగ్ సెంటరు నడుపుతాడు. ఒకప్పుడు హైదరాబాదులో పని చేసి తిరిగి వచ్చాడు. ఎందుకు వచ్చాడో అడిగిన మనిషిని బట్టి కారణం మారుస్తాడు. పిల్లలను కూర్చోబెట్టి ప్రతి బ్యాచ్‌కూ ఇదే బోధ: "నౌకరికి పోతే అనుభవం ఉన్నదా అంటరు. నౌకరి లేంది అనుభవం ఏడికెళ్లి వస్తది? అందుకే ఓపెన్ సోర్స్‌ల పడుండ్రి."

తెలియనివారి కోసం ఒక మాట. లోపలి రాత అంతా దాచకుండా బయట పెట్టిన ప్రోగ్రాములు కొన్ని ఉంటాయి. ఎవరైనా చదవవచ్చు. తప్పు కనబడితే దిద్ది పంపవచ్చు. ఆ ప్రోగ్రాము బాగోగులు చూసేవాళ్లు సరే అంటే ఆ దిద్దుబాటు అందరి ఫోన్లలోకీ వెళుతుంది. దిద్దిన వాక్యం పక్కన ఆ దిద్దినవాళ్ల పేరు ఉండిపోతుంది. డబ్బు ఇవ్వరు. ఇచ్చేది ఆ పేరే.

యమున ఇంట్లో ఈ సంగతి చెప్పినప్పుడు లింగమూర్తి అన్నం కలుపుతున్నాడు. ఆయన ఫిల్టర్ బెడ్‌లో పంపు ఆపరేటరు; గోదావరి నీళ్లు శుభ్రం చేసి క్వార్టర్లకు పంపే చోట మూడు షిఫ్టులూ తిరుగుతాడు.

"పైసలియ్యరా?"

"ఇయ్యరు బాపూ. పేరొస్తది."

"మా తాత దొర గడీల గిట్లనే చేసిండు. ఆయనకు పేరు గూడ రాలే. నీది జర నయమే."

"వెట్టి కాదు బాపూ. ఇష్టమై చేసుడు."

"ఇష్టమై చేస్తే ఇంకా అగ్గువాయె గద వాళ్లకు."

తల్లి పూలమ్మ నవ్వి, నవ్వినందుకు కూతురి వైపు చూసి, పెరుగు వడ్డించింది.

నేను చాలా దేశం తిరిగాను, పనికిమాలిన పుస్తకాలు కూడా చాలా చదివాను. కొత్తవాడికి పని నేర్పే పద్ధతి ఒక్కో చోట ఒక్కో రకంగా ఉంది. ఇక్కడ బొగ్గు బాయిలోకి కొత్తగా దిగినవాడిని ఒక్కడినే పనిమీదికి తోలరు. పాత మనిషి వెనక నిలబెడతారు. ఏళ్లు గడిచాక కూడా "నువ్వు ఎవరెంట నేర్చుకున్నవ్?" అని అడుగుతారు, గోత్రం అడిగినట్టు. ఓపెన్ సోర్స్‌లో అలా కాదు. గేటు బార్లా తీసి ఉంటుంది, లోపల ఎక్కడ తవ్వాలన్నా తవ్వవచ్చు. సముద్రాల అవతల ఒకాయన తన ఉద్యోగం, తన నిద్ర, తన పిల్లల మధ్య దొరికిన సందులో నువ్వు తవ్వింది చూస్తాడు. మంచివాడైతే త్వరగా ఒప్పుకుంటాడు. మంచివాళ్లతో వచ్చే ప్రమాదమే అది.

యమున పట్టుకున్నది మందుల వేళ చెప్పే ప్రోగ్రాము. ఉచితం. తెలుగులో ఒక ఆడపిల్ల గొంతు మోగుతుంది: "మందు వేళయింది." వేసుకుని పచ్చ గుర్తు నొక్కాలి. నొక్కకపోతే మళ్లీ మోగుతుంది. ఆమె దాన్ని తండ్రి బీపీ గోలీ కోసం పెట్టింది. ఆయన రాత్రి షిఫ్టు వారం గోలీని సద్ది తిన్నాక వేసుకుంటాడు, అంటే అర్ధరాత్రి దాటాక. ఆ ఫోను మాత్రం పన్నెండు కొట్టగానే "నిన్నటి మందు మరిచిపోయారు" అని పంపుహౌసులో అందరూ వినేలా అరిచేది.

"నిన్నేందే? నేనింకా డ్యూటీ దిగకపోతి. నిన్న ఎట్లయితది?" అని ఇంటికి వచ్చి కూతురి మీద విసుక్కున్నాడు లింగమూర్తి.

రోజు ఎప్పుడు మొదలవుతుందన్నది చిన్న ప్రశ్న కాదు. పంచాంగం కట్టేవాళ్లకు సూర్యోదయంతో మొదలు. వెనక వీధి మక్సూద్ మెకానిక్ ఇంట్లో గురువారం పొద్దుగూకితే శుక్రవారం వచ్చేసినట్టే. అర్ధరాత్రి, లోకమంతా నోరు తెరుచుకుని పడుకున్నప్పుడు దొంగలా తేదీ మారడం దొరలు తెచ్చిన అలవాటు. షిఫ్టుల మీద బతికే ఈ వాడలో ఇవేవీ కాదు. రాత్రి డ్యూటీ చేసినవాడు పొద్దున ఏడింటికి పని అప్పగించి బయటికి వస్తేనే నిన్న అయిపోతుంది. అప్పటిదాకా ఇంటికీ వంటింటికీ కూడా నిన్నే. యమున పాలు తాగేనాటి నుంచి ఆ లెక్కలోనే పెరిగింది. ఆమెకు ప్రోగ్రాములో తప్పు చాలా స్పష్టంగా కనబడింది. రోజు అర్ధరాత్రి మారుతోంది. ఏడింటికి కదా మారాలి. ఒక్క వాక్యం దిద్దింది.

తండ్రి గోలీతో పరీక్షించి చూసింది. ఫోను నోరు మూసుకుంది. "పరీక్షించారా?" అని అడిగిన గడిలో టిక్కు పెట్టి పంపింది.

ఆ నెల ఆ ప్రోగ్రాము బాగోగులు చూసేవాళ్లు కొత్తవాళ్లను ప్రత్యేకంగా ఆహ్వానిస్తున్నారు. వాళ్లలో చలి దేశంలో ఉండే పెద్దమనిషి ఒకాయన మరునాడే జవాబిచ్చాడు. రాత్రి డ్యూటీ చేసే నర్సులకు కూడా ఇది పనికొస్తుందని, ఇంత మంచి ఆలోచన తమకు తట్టలేదని రాశాడు. చప్పట్ల బొమ్మ పెట్టాడు. దిద్దుబాటు లోపలికి వెళ్లింది. పొద్దున ఆరింటికి మందు వేసుకునే మనిషి సంగతేమిటని ఆయన అడగలేదు, ఈమె అనుకోలేదు. లింగమూర్తి ఇంట్లో ఆరింటికి మందు వేసుకునేవాళ్లు ఎవరూ లేరు.

జగదీశ్వర్ ఊరుకుంటాడా? కోచింగ్ సెంటరు ముందు యమున ఫొటోతో ఫ్లెక్సీ కట్టించాడు. ప్రపంచమంతా వాడే ప్రోగ్రాములో మన ఖని బిడ్డ అని. ఫొటోలో ఆమె కంటే ఆయన కొంచెం పెద్దగా ఉన్నాడు. శాలువా కప్పాడు. హైదరాబాదులో వైద్య సాఫ్ట్‌వేరు చేసే ఒక కంపెనీకి ఆమె పేరు పంపాడు. వాళ్లు ఆ దిద్దుబాటు చూసి మెచ్చి, ఇంటర్వ్యూకు రమ్మన్నారు. వాడలో పలకరింపు మారింది. "యమునా, నా ఫోన్ల గూడ వెయ్యవే" అని వచ్చారు ఆడవాళ్లు. వేసింది. ఎవరూ అడగకపోయినా వెళ్లి వేసిన ఇల్లు ఒక్కటే, కనకవ్వది.

కనకవ్వ భర్త బొగ్గు నింపే పని చేసి, ఊపిరితిత్తులు చెడి చనిపోయాడు. కొడుకు కిషన్ ఓపెన్‌కాస్టులో డంపర్ నడుపుతాడు. కోడలు సంధ్యారాణి. కనకవ్వకు చక్కెర జబ్బు. రోజూ పొద్దున ఆరింటికి ఫస్టు షిఫ్టు బస్సు హారన్ వినబడగానే గడపలో కూర్చుని, చీర కొంగు పక్కకు జరిపి, పొట్టకు తనే సూది పొడుచుకునేది. గడియారం చూడటం ఆమెకు రాదు. అయినా వాడలో డ్యూటీకి లేవని మగవాళ్లను తలుపు బాది లేపేది ఆమే: "లేరా కొడకా, బస్సు నీ అత్తగారిదా ఆగనీకి?"

యమున ఆ ఇంట్లో ఉన్న ఫోను తీసి చేతికివ్వబోతే కనకవ్వ నవ్వింది. "నాకు ఫోను చెప్పుడేందే? ఊరందరికి నేను చెప్పవడ్తి."

"అవ్వా, ఇది నేను చేసిన. దీంట్ల నా పేరుంటది."

"నీ పేరా? ఏదీ, సూపెట్టు."

యమున చూపించింది. ఇంగ్లీషు అక్షరాలు. కనకవ్వ వాటి మీద వేలు పెట్టి తడిమింది. "గింత సన్నగ రాసిండ్రేందే నీ పేరు! తేపో, పెట్టు. నీ పేరున్నదంటే పెట్టుకుంట."

"గొంతు మోగితే సూది వేసుకోవాలె. వేసుకొని ఈ పచ్చది ఒత్తాలె. అది చెప్పినట్టు చెయ్యి అవ్వా, నీ మనసుల లెక్క పెట్టుకోకు. వయసు మీద పడ్డది, మరిచిపోతవ్."

అప్పటిదాకా కనకవ్వ ఒక్కరోజూ మరిచిపోలేదు.

మరునాడు ఆరింటికి ఫోను మోగింది. సూది వేసుకుంది, పచ్చది ఒత్తింది, చాయ తాగింది. యమున దిద్దిన వాక్యం ప్రకారం అది ఇంకా నిన్నటి రోజే. ఫోను ఆ సూదిని నిన్నటి గడిలో రాసుకుంది. ఏడు కొట్టింది. ఫోనుకు తెల్లారింది. ఈనాటి గడి తెరిచి చూస్తే ఆరుగంటల మందు ఖాళీగా ఉంది. "మీరు మందు మరిచిపోయారు. వెంటనే తీసుకోండి" అని మోగింది.

"ఇప్పుడే ఏసుకుంటి గదనే" అంది కనకవ్వ ఫోనుతో. ఫోను మళ్లీ అదే మాట చెప్పింది. మళ్లీ చెప్పింది. చదువుకున్న పిల్ల చేసింది కదా, తన లెక్కే తప్పేమో అనుకుంది. వయసు మీద పడ్డది కదా. కొంగు పక్కకు జరిపి రెండో సూది పొడుచుకుంది.

కాసేపటికి బియ్యం చెరుగుతూ చెమటలు పట్టి, "గోదారి ఇంట్లకొచ్చిందే" అని, చాట మీదికే ఒరిగింది. సంధ్యారాణి కేకలు వేస్తే వాడంతా కదిలి ఆటోలో దవాఖానకు తీసుకుపోయారు. డాక్టరు గ్లూకోజు ఎక్కించి, సూది రెండుసార్లు వేసుకున్నట్టుందని, ఇంకొంచెం ఆలస్యమైతే దక్కేది కాదని చెప్పాడు. మధ్యాహ్నానికి కళ్లు తెరిచింది.

"ఎందుకేసుకున్నవ్ రెండుసార్లు?" కిషన్ డ్యూటీ బట్టల్లోనే వచ్చి నిలబడ్డాడు.

"ఫోన్ల పిల్ల ఏసుకొమ్మన్నదిరా."

"ఫోన్ల పిల్ల బాయిల దుంకుమంటే దుంకుతవా? మతి పోయింది నీకు. ఒప్పుకోరాదూ!"

మంచం కాళ్ల దగ్గర బ్రెడ్డు పొట్లం పట్టుకుని నిలబడిన యమున ఆ మాట వింది. ఇంటికి వచ్చి తన ఫోనులో ప్రోగ్రాము తెరిచి, ఆరుగంటలకు ఒక మందు పెట్టి, ఫోను గడియారాన్ని తనే జరిపింది. ఆరింటికి మోగింది, పచ్చది ఒత్తింది. ఏడుకు జరిపింది. మోగింది. "ఏందే ఆ మోత?" అని వంటింట్లోంచి పూలమ్మ కేక వేసింది. యమున ఫోను దిండు కింద నొక్కిపట్టింది. ముందే చేయవలసిన పరీక్ష అది.

తప్పు బయట పెట్టాలంటే అందరూ చూసే చోటే రాయాలి. ఫలానా వాక్యం తప్పు, దాని వల్ల ఒక ముసలామె చావుదాకా పోయి వచ్చింది, రాసింది నేను అని. ఆ వాక్యం చూసే హైదరాబాదు వాళ్లు పిలిచారు. ఇంటర్వ్యూ సోమవారం. జగదీశ్వర్ దగ్గరికి పరుగెత్తింది. ఆయన తలుపు దగ్గరికి వేసి విన్నాడు.

"ఇప్పుడే రాయకు. ఇంటర్వ్యూ అయినంక సూద్దాం."

"అప్పటిదాంక ఇంకెవరికన్న మోగితే సార్?"

"పొద్దున ఆరింటికి సూది ఏసుకునేటోళ్లు ఎంతమంది? అండ్ల ఈ ఆప్ ఉన్నోళ్లెంతమంది? అండ్ల రెండోసారి ఏసుకునేంత పిచ్చోళ్లు ఎంతమంది? లెక్క వెయ్యి నువ్వే."

లెక్క వేస్తే మనిషికి ధైర్యం వస్తుంది. పెద్ద పెద్ద ఘోరాలన్నీ ఎవరో ఒకరు కాగితం మీద భాగహారం చేసుకున్నాకే జరిగాయి.

"అయినా లైసెన్సుల రాసే ఉన్నది," అన్నాడు జగదీశ్వర్. "ఏమైనా మాకు పూచీ లేదని. పెద్దక్షరాలల్ల."

"కనకవ్వకు సదువు రాదు సార్."

"ఎవరు సదివిండ్రు? నేను సదివిన్నా?"

కనకవ్వను ఇంటికి తెచ్చిన సాయంత్రం యమున వెళ్లింది. ముందు సంధ్యారాణి దగ్గర ఆ ఫోను తీసుకుని, "ఇగ ఇది వద్దు వదినా, తీసేస్త" అని ప్రోగ్రామును చెరిపేసింది. దానితో పాటు ఆనాటి ఉదయం ఏడింటికి అది మోగిందనే సాక్ష్యం కూడా చెరిగిపోయింది. తర్వాత మిగతా ఇళ్లకూ పోయి, ఏదో కొత్తది వస్తోందని చెప్పి, అక్కడా తీసేసింది. వాడ క్షేమం చూసుకుంది. మిగతా లోకాన్ని ఇంటర్వ్యూ అయ్యేదాకా ఆగమంది.

అంతకుముందు, ఆ ఇంట్లోంచి ఆమె బయటికి వెళ్లేలోపే కనకవ్వ మంచం మీద లేచి కూర్చుంది. కొడుకు, కోడలు, చూడవచ్చిన ఆడవాళ్లు, అందరూ ఉన్నారు.

"యమునా, ఇటు రావే. వీళ్లంత నన్ను పిచ్చిదాన్ని జేస్తుండ్రు. నువ్వు సదువుకున్నదానివి, అది నువ్వు చేసిందే. నువ్వే చెప్పు. రెండోసారి మోగిందా, లేదా?"

కిషన్ గోడకు ఆనుకుని చేతులు కట్టుకున్నాడు. సంధ్యారాణి చెంబు పట్టుకుని ఆగింది. యమున కనకవ్వ ముఖం చూడలేదు, ఆమె పొట్ట మీది సూది మచ్చల వైపు చూసింది.

"లేదవ్వా. ఒక్కసారే మోగుతది."

"ఇన్నవా?" అన్నాడు కిషన్.

కనకవ్వ కొంగు పొట్ట మీదికి లాక్కుంది. "అయితే నాకే ఇనవడ్డదేమో" అంది.

సోమవారం ఇంటర్వ్యూలో ఒకాయన అడిగాడట, షిఫ్టు కార్మికుల గురించి ఆలోచించడం ఎలా తట్టిందని. తండ్రి గురించి చెప్పింది. వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుని ముచ్చటపడ్డారు. ఉద్యోగం ఖాయమైన కాగితం వచ్చాక ఆమె రెండో దిద్దుబాటు పంపింది. రోజు మళ్లీ అర్ధరాత్రే మారేట్టు, రాత్రి షిఫ్టు వాళ్లకు వేరే ఏర్పాటు ఉండేట్టు, పద్ధతిగా రాసింది. దానికి పెట్టిన శీర్షిక "రోజు ఆరంభం: చిన్న సవరణ." చలి దేశపు పెద్దమనిషి మళ్లీ చప్పట్లు కొట్టాడు. గాయానికి ఒక మెప్పు, కట్టుకు ఒక మెప్పు. ఆమె పేరు పక్కన ఇప్పుడు రెండు పనులు. మధ్యలో ఆ రోజుల్లో ఎక్కడెక్కడ, ఏ భాషలో, ఎవరి గడపలో ఏడింటికి మోగిందో తెలిసే మార్గం లేదు.

ఇదంతా యమునే నాతో చెప్పింది, రామగుండం స్టేషన్‌లో రైలు ఆలస్యమైన ఒక మిట్టమధ్యాహ్నం, సిమెంటు బల్ల కాలిపోతుంటే దుపట్టా మడిచి వేసుకుని. ఏడవలేదు. "కొత్తోళ్లు ఓపెన్ సోర్స్‌ల చెయ్యాల్నా వద్దా, మీరేమంటరు తాతా?" అని అడిగింది. చెయ్యాలనే అన్నాను, ఇప్పటికీ అంటాను. ఆమె మొదటి తప్పు రాదగిన తప్పే. ఎక్కడివాడు అక్కడి గడియారంతోనే లోకాన్ని దిద్దుతాడు, పక్కన నిలబడ్డ పాతవాడు అడ్డుపడాలి. ఆ పాతవాడు చప్పట్లు కొడుతూ కూర్చున్నాడు. కానీ పేరు వస్తుందని చెప్పి పిల్లలను లోపలికి తోలేవాడు, ఆ పేరు మీద బురద పడిన రోజు దాన్ని తుడవకుండా అలాగే నిలబడటం కూడా ఆ పనిలో భాగమేనని చెప్పడు. చెబితే బ్యాచ్ నిండదు. జగదీశ్వర్ ఫ్లెక్సీ ఇంకా ఉంది. ఎండకు ఆమె ముఖం వెలిసింది, ఆయనది ఎందుకో నిలిచింది.

కనకవ్వ సూదులు ఇప్పుడు బీరువాలో ఉంటాయి. తాళంచెవి సంధ్యారాణి నడుముకు. ఆమె చెడ్డది కాదు. పిల్లల బడి, నల్లా నీళ్లు, వంట అయ్యాక గుర్తొచ్చినప్పుడు వేస్తుంది. ఒకరోజు తొమ్మిదింటికి, ఒకరోజు అన్నం తిన్నాక. చక్కెర పెరిగి కాలికి పుండు పడి మానలేదు. రెండు వేళ్లు తీసేశారు. వాడలో తలుపులు బాదడం మానేసింది. ఒకసారి అలవాటు కొద్దీ ఎవరినో లేపబోతే, "అవ్వా, నీకే టైం తెల్వది, నాకు చెప్తవా?" అన్నాడట ఆ మగమనిషి. పిల్లలకు ఒక ఆట దొరికింది. గడప ముందు నిలబడి "అవ్వా, సూది ఏసుకున్నవా?" అంటారు. ఆమె పొట్ట తడుముకుంటుంది. కాసేపాగి ఇంకొకడు వచ్చి అదే అడుగుతాడు. ఆమె మళ్లీ తడుముకుంటుంది.

యమున ఉద్యోగంలో చేరడానికి వెళ్లే రోజు పూలమ్మ పట్టుపట్టి మిఠాయి డబ్బా ఇచ్చి ఆ ఇంటికి పంపింది. సంధ్యారాణి డబ్బా అందుకుని, అత్తకు అందకుండా లోపల పెట్టింది. కనకవ్వ కట్టు కట్టిన కాలు చాపుకుని గడపలో కూర్చుని ఉంది. యమున చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది.

"పోతున్నవా బిడ్డా? మంచిది. ఒక మాట కడుపుల ఉండిపోయింది. నేను సూది మరిచిపోయి, నీ ఫోను మీద పెట్టిన. నలుగుట్ల నీ పేరు తీసిన. నౌకరికి పోయే పిల్లవు, నా నోటికెళ్లి నీకేమన్నయితే నేనేడ సద్దును?"

"ఏం కాలేదవ్వా."

"గట్ల కాదు. 'మాఫ్ జేసిన' అను."

బయట ఆటో హారన్ కొట్టింది. లింగమూర్తి "జల్ది రావే, రైలు పోతది" అని పిలిచాడు. కనకవ్వ చెయ్యి వదలలేదు.

"అనుమంటిని గద. అను."

"మాఫ్ చేసిన అవ్వా" అంది యమున. చెయ్యి విడిపించుకుని, బ్యాగు ఎత్తుకుంది.